గులాబీ పువ్వుల నాయనమ్మ

నిజాం కాలపు రైల్వే 1893లో లాలాగూడలో వర్క్‌షాపు పెట్టింది. దాని చుట్టూ క్వార్టర్లు, వాటి మధ్య చర్చిలు వెలిశాయి. మా నాయనమ్మ లోకమంతా ఆ నాలుగు వీధులే. ఆమెను అందరూ ప్రార్థనాపరురాలని మెచ్చుకునేవారు. నేను మాత్రం ఆమె వండే గులాబీ పువ్వుల్నే మెచ్చుకుంటాను. ఆమె దృష్టిలో ఆ రెండూ వేరు కావనుకోండి.

బియ్యప్పిండి, కొంచెం మైదా, గుడ్డు, పంచదార, కొబ్బరిపాలు కలిపితే పిండి దోసెల పిండిలా జారాలి. అచ్చును ముందు నూనెలోనే బాగా కాగనివ్వాలి. చల్లటి అచ్చుకు పిండి పట్టదు. ముంచేటప్పుడు ముప్పావు వంతే మునగాలి. పైఅంచు దాటిందా, పువ్వు ఊడిరాదు. అసలు పనితనమంతా ఇక్కడే. నాయనమ్మ గడియారం చూసేది కాదు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒకటి సన్నగా పాడుకుంటూ, చరణం మధ్యలో అచ్చు కాడను చిన్నగా కదిపేది. పువ్వు విడిపోయి నూనెలో తేలేది.

క్రిస్మస్‌కు మొదటి పళ్లెం మా ఇంట్లో ఎవరికీ దక్కేది కాదు, ఇరుగుపొరుగుకే. సంక్రాంతికి అరిసెలతో, రంజాన్‌కు సేమ్యాతో ఆ పళ్లేలు తిరిగొచ్చేవి. ఆమె భక్తికి నాకు తెలిసిన రుజువు అదే.

ఇప్పుడు బేకరీల్లో ప్యాకెట్లు దొరుకుతున్నాయి, బాగానే ఉంటాయి. అయినా మీ ఇంటి అటక మీద పాత అచ్చు ఉంటే తుప్పు వదిలించి, ఓ రాత్రి నూనెలో నానబెట్టండి. ఈ డిసెంబరులో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఓ వాయి వేయండి.