చేతికందే దీపం

క్యారమ్ బోర్డు మీద వేలాడే బల్బు ఎంత ఎత్తులో ఉండాలి? ఏ క్లబ్బులో అడిగినా దీనికి ఒకే జవాబు రాదు. పొడుగు మనిషి వంగి స్ట్రైకర్ గురి చూస్తుంటే షేడు నుదుటికి తగలకూడదు. ఎదురుగా కూర్చున్న పొట్టి మనిషి కళ్లలో వెలుగు సూటిగా గుచ్చుకోకూడదు. నాలుగు పాకెట్లూ ఒకే తీరుగా కనబడాలి, కాయిన్ల నీడలు పొడుగ్గా సాగకూడదు. అందుకే ఆడేవాళ్లు మారినప్పుడల్లా ఒక చెయ్యి పైకి లేస్తుంది. వైరుకున్న ముడి విప్పి బల్బుని కాస్త దించుతుంది, లేదా ఇంకో మెలిక వేసి కాస్త ఎత్తుతుంది.

ముడి వేయడం తేలికే కానీ వైరుకి మంచిది కాదు. ముడి పడ్డ చోటే మళ్లీ మళ్లీ వంగి లోపలి రాగి తీగలు ఒక్కొక్కటిగా తెగుతాయి, పైపూత పగులుతుంది. అమెరికాలో ఇళ్లకి కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లోనే దీనికి ఒక చిన్న పరికరం తయారైంది. బొటనవేలంత చెక్కముక్క, దానికి రెండు రంధ్రాలు, అంతే. పైనుంచి దిగిన వైరు ఆ రంధ్రాల్లోంచి దూరి మధ్యలో మెలిక తిరుగుతుంది. చెక్కని జరిపితే మెలిక పెద్దదై బల్బు పైకి లేస్తుంది. వెనక్కి జరిపితే మెలిక చిన్నదై బల్బు దిగుతుంది. బల్బు బరువే వైరుని చెక్కకి ఒత్తి పట్టి ఉంచుతుంది. స్క్రూ లేదు, స్ప్రింగు లేదు. గుడారం తాడుని బిగించే చెక్క పనిచేసే పద్ధతే ఇది. ఇంత తక్కువ సరుకుతో ఇంత పని చేసే వస్తువులు ఇంట్లో చాలా తక్కువ ఉంటాయి.

అయినా బల్బుని కిందికి దించాల్సిన అవసరం ఏమొచ్చింది? దీనికి జవాబు ఆనాటి బల్బులోనే ఉంది. 1882 సెప్టెంబరు 4న న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి ఎడిసన్ కరెంటు సరఫరా మొదలుపెట్టాడు. ఆ కాలంలో వాడుకలో ఉన్నది కార్బన్ ఫిలమెంటు బల్బు. మామూలుగా దొరికే దాని శక్తి 16 క్యాండిల్ పవర్, అంటే పదహారు కొవ్వొత్తులంత. దూరం పెరిగిన కొద్దీ వెలుగు తగ్గుతుంది, అదీ దూరం వర్గం లెక్కన. ఆ బల్బు బల్లకి రెండు మీటర్ల పైన ఉంటే బల్ల మీద పడే వెలుగు 4 లక్సులు. మీటరు ఎత్తుకి దించితే 16. అర మీటరుకి దించితే 64. నేడు చదువుకునే బల్ల మీద 300 నుంచి 500 లక్సులు ఉండాలంటారు. నాటి మనిషి చేతిలో అంత వెలుగు లేదు. ఉన్న వెలుగునే పదహారు రెట్లు చేసుకునే దారి మాత్రం ఉంది. ఒక్క పైసా కరెంటు ఎక్కువ కాల్చకుండా బల్బుని దగ్గరికి లాక్కోవడమే ఆ దారి. కుట్టుపని చేసే ఆమెకీ, లెక్కలు రాసే గుమాస్తాకీ, గడియారాలు బాగుచేసేవాడికీ అది విలాసం కాదు, అవసరం.

అంతకు ముందు గ్యాసు దీపాల కాలంలో ఇదే పని చేయడానికి ఎంత తంటాలు పడ్డారో చూస్తే ఈ చెక్కముక్క విలువ ఇంకా బాగా తెలుస్తుంది. వంగే వైరు కరెంటుకి ఉంది గానీ ఇత్తడి గొట్టంలో వచ్చే గ్యాసుకి ఆ వెసులుబాటు ఎక్కడిది? అందుకే 19వ శతాబ్దంలో ఇంగ్లండు ఇళ్లలో గొట్టంలో గొట్టం దూర్చిన షాండ్లియర్లు వేలాడదీశారు. దీపాన్ని పైకీ కిందికీ జరిపితే ఒక గొట్టం మరోదానిలోకి జారుతుంది. మధ్య సందులోంచి గ్యాసు బయటికి రాకుండా అడ్డుగా నీళ్లు పోసేవారు. గొలుసులు కప్పీల మీదుగా వెళ్లి రెండో కొసన బరువులతో తూగేవి. ఆ నీళ్లు రోజూ కొంచెం కొంచెంగా ఆవిరైపోతాయి. ఇంట్లోవాళ్లు చూసి మళ్లీ పోయాలి. మరిచిపోతే గ్యాసు గదిలోకి వస్తుంది, కింద దీపం వెలుగుతూనే ఉంటుంది. ఇలా పేలి ఇళ్లు దెబ్బతిన్న సంఘటనలు ఉన్నాయి. దీపాన్ని అడుగు దూరం దించుకోవడానికి జనం అంత ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకున్నారంటే, ఆ అడుగు దూరం వాళ్లకి ఎంత ముఖ్యమో ఊహించవచ్చు.

కరెంటు దీపాల్లో ఈ పనిని అందంగా చేసి చూపించినవి ఫ్రెంచి ఇళ్లలో భోజనాల బల్ల మీద వేలాడే కప్పీ దీపాలు. ఈ కాలమ్ రాసే మనిషికి ఈ పరికరాలన్నిటిలో ఎక్కువ ఇష్టమైనది ఇదే. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. పాల రంగు గాజు షేడు, అంచు అలలు అలలుగా ముడతలు పడి ఉంటుంది. దాని పైన చిన్న కప్పీ. పక్కన గుడ్డు ఆకారంలోనో, చిన్న కూజా ఆకారంలోనో పింగాణీ బరువు. వైరు సీలింగులో ఒక చోట బయలుదేరి కిందికి దిగి, పింగాణీ బరువు తలమీది కప్పీ కింది నుంచి తిరిగి, మళ్లీ పైకి వెళ్లి, సీలింగులోని రెండో కప్పీ మీదుగా వచ్చి దీపాన్ని మోస్తుంది. కరెంటు తెచ్చేదీ, బరువు మోసేదీ ఆ ఒక్క వైరే.

బరువు రెండు పేటల మీద వేలాడుతుంది, దీపం ఒక్క పేట మీద. కాబట్టి దీపం కిలో ఉంటే బరువు రెండు కిలోలు ఉండాలి. అందుకు ప్రతిఫలంగా దీపం అరవై సెంటీమీటర్లు దిగితే బరువు ముప్పై సెంటీమీటర్లే ఎక్కుతుంది. సీలింగు దగ్గర చోటు తక్కువైనా సరిపోతుంది. మరి అన్ని షేడ్లూ ఒకే బరువు ఉండవు కదా! ఆ చిక్కు తీర్చడానికే పింగాణీ గుడ్డుని బోలుగా చేశారు. మూత తీసి లోపల సీసం గుళ్లు పోస్తారు, లేదా కొన్ని తీసేస్తారు. షేడు మార్చిన రోజున దీపం దానంతటదే పైకి పోతుంటే కొన్ని గుళ్లు తీయాలి. మెల్లగా బల్ల మీదికి జారుతుంటే ఇంకొన్ని వేయాలి. లెక్క కచ్చితంగా కుదరకపోయినా ఫరవాలేదు. కప్పీల్లోని రాపిడి ఆ కొద్ది తేడాని మింగేస్తుంది. వేలితో తాకితే దీపం కదులుతుంది, వేలు తీస్తే ఆగిపోతుంది. భోజనాల వేళ ఎత్తులో ఉండి అందరి ముఖాలనీ చూపించిన దీపమే, బల్ల తుడిచాక పిల్లల పుస్తకాల మీదికి దిగి వస్తుంది.

దీపం కిందికి దిగిన కొద్దీ ఇంకో సమస్య మొదలవుతుంది. వెలుగు కళ్లలో పడుతుంది. డెన్మార్క్‌లో పౌల్ హెన్నింగ్‌సెన్ 1920ల మధ్యలో ఒకదాని కింద ఒకటిగా మూడు షేడ్లు పేర్చి దీపం చేసింది ఈ ఇబ్బంది తీర్చడానికే. బల్ల మీదికి ఎంత దించినా కూర్చున్నవాళ్లకి బల్బు నేరుగా కనబడదు, షేడ్ల మీంచి చెదిరిన వెలుగే అందుతుంది. క్యారమ్ బల్బుకి రేకు డూము తగిలించే క్లబ్బువాళ్లు చేసేదీ అదే పని, కాస్త మోటుగా.

తర్వాత బరువు స్థానంలో స్ప్రింగు వచ్చింది. సీలింగు దగ్గర గుండ్రటి డబ్బా, లోపల చుట్ట చుట్టిన స్ప్రింగు, దానికి సన్నని ఉక్కు తీగ. దీపం బరువు స్ప్రింగు లాగే బలంతో సరిసమానమైతే ఎక్కడ వదిలితే అక్కడ నిలుస్తుంది. ఇది చోటు ఆదా చేస్తుంది. కానీ స్ప్రింగు ఎంత లాగితే అంత బిగుస్తుంది. ఆ తేడా తెలియకుండా చేయడం కష్టమైన పని. చవక డబ్బాల్లో దీపం మధ్యలో బాగా ఆగి, కింద మాత్రం నిలవక పైకి జారిపోవడానికి కారణం ఇదే. ఇంగ్లండులో మోటారు వాహనాల సస్పెన్షన్లు తయారుచేసే ఇంజనీరు జార్జ్ కార్వర్డైన్ 1932లో స్ప్రింగుల బలాన్ని కీళ్లున్న చేతులతో సరితూచి ఒక బల్ల దీపానికి పేటెంటు తీసుకున్నాడు. యాంగిల్‌పాయిజ్ పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. వేలాడే దీపాలకి మాత్రం సీసం గుళ్లంత నమ్మకమైన తోడు మళ్లీ దొరకలేదనే చెప్పాలి.

బరువుకి ఉన్న ప్రమాదం కూడా చెప్పాలి. పారిస్‌లోని గార్నియే ఒపేరా భవనంలో ఏడు టన్నుల షాండ్లియరు ఉంది. 1896 మే 20న ప్రదర్శన జరుగుతుండగా దాని ఎదురు బరువుల్లో ఒకటి తెగి, పైకప్పు చీల్చుకుని ప్రేక్షకుల మీద పడింది. ఒకామె చనిపోయింది. పడింది షాండ్లియరు కాదు, దాన్ని తూచే బరువు. గాస్టన్ లెరూ నవల ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’లో షాండ్లియరే కూలినట్టు రాసేసరికి జనం గుర్తులో అదే మిగిలింది.

ఇటలీలో పియో మాంజు అనే యువ డిజైనరు దీపం ఎత్తు మార్చే సమస్యని తలకిందులుగా ఆలోచించాడు. ఫియట్ 127 కారుకి రూపం ఇచ్చినవాడు అతనే. నేల నుంచి సీలింగు దాకా నిలువు కడ్డీ, దాని మీద పైకీ కిందికీ జరిగే దీపం, ఆపడానికి ఒక స్క్రూ. ఇదీ అతని ఆలోచన. 1969లో అతను కారు ప్రమాదంలో పోయాడు. కాగితాల మీదే మిగిలిన ఆ ఆలోచనని మిలాన్‌కి చెందిన అకీలే కాస్టిలియోని అందుకున్నాడు. కడ్డీ తీసేసి ఉక్కు తీగ పెట్టాడు. పై కొస సీలింగుకి, కింది కొస నేల మీద రబ్బరు తొడుగున్న బరువుకి. తీగ బిగుతుగా నిలబడుతుంది. స్క్రూ కూడా తీసేశాడు. దాని బదులు బ్రాకెట్ గుర్తులాగా వంచిన గొట్టంలోంచి తీగని పోనిచ్చాడు. వంపు దగ్గర తీగ గొట్టాన్ని ఒరుసుకుంటుంది, ఆ ఒరిపిడే దీపాన్ని నిలబెడుతుంది. చేత్తో పట్టి పైకి నెడితే వెళుతుంది, వదిలితే అక్కడే ఉంటుంది, చుట్టూ తిప్పితే తిరుగుతుంది. ఫ్లోస్ కంపెనీ 1971లో దీన్ని పారెంతెసి పేరుతో తయారుచేసింది, 1979లో దానికి ఇటలీ డిజైను పురస్కారం కంపాస్సో దోరో వచ్చింది. చెక్కముక్కా రెండు రంధ్రాలూ ఉన్న పాత పరికరానికి ఇది నేరుగా వారసుడు. రెండిటిలోనూ పనిచేసేది వంపూ, రాపిడీ మాత్రమే.

మన దగ్గర దీపాన్ని దించడం, ఎత్తడం కొత్త సంగతి కాదు. కార్తీకంలో శివాలయాల ధ్వజస్తంభానికి తాడూ కప్పీ కట్టి, చిల్లులున్న పాత్రలో దీపం పెట్టి, సాయంత్రం ఆకాశదీపాన్ని పైకి లాగుతారు. పెళ్లి పందిట్లో పెట్రోమాక్సు లైటుని వాసం మీదుగా వేసిన తాడుతో కట్టేవారు. వెలుగు తగ్గగానే తాడు వదిలి దించడం, పంపు కొట్టడం, మళ్లీ ఎత్తడం. ఇవి దూరానికి కనబడాలని, పందిరంతా వెలగాలని ఎత్తే దీపాలు. పని కోసం దించుకునే దీపం వేరు. అది మన దగ్గర ఇళ్లలో కన్నా పనిచోట్ల ఎక్కువ కనబడింది. లెటర్ ప్రెస్సులో కంపోజిటరు టైపు గళ్ల మీద, దర్జీ మిషను సూది మీద, కంసాలి కుంపటి పక్కన బల్బు చేతికందేంత కిందికి వేలాడేది. ఎత్తు మార్చాలంటే వైరుని మేకుకి ఒక చుట్టు చుట్టడమే.

ఇళ్లలోకి రాకపోవడానికి కారణం ఫ్యాను. గది నడిమధ్య చోటు దానిది. 48 అంగుళాల వ్యాసంలో రెక్కలు తిరిగేచోట పొడుగాటి వైరుతో దీపం వేలాడితే గాలికి ఊగుతుంది, దానితో పాటు బల్ల మీది నీడలన్నీ ఊగుతాయి. రెక్కల పైన దీపం పెడితే వెలుగు మిణుకుమిణుకుమంటుంది. దాంతో దీపం గోడ ఎక్కింది. ట్యూబులైటు గోడ మీద నుంచి గదంతటినీ ఒకే మోస్తరుగా వెలిగించింది. దాని కింద చదువుకున్న తరాలకి వెలుగుని దగ్గరికి లాక్కోవచ్చన్న ఊహే పోయింది.

ఇప్పుడు ఫాల్స్ సీలింగులతో, డైనింగు టేబుళ్లతో వేలాడే దీపాలు హైదరాబాదు, విజయవాడ ఫ్లాట్లలోకి వచ్చేశాయి. కానీ ఎత్తు మార్చే వీలు మాత్రం వాటితో రాలేదు. బిగించిన రోజున మిస్త్రీ నిర్ణయించిన ఎత్తే పదేళ్లపాటు ఉండిపోతుంది. ఎక్కువగా అది నిలబడ్డ మనిషి తలకి తగలని ఎత్తు, అంటే కూర్చున్న మనిషికి పనికిరాని ఎత్తు. బల్ల మీది నుంచి షేడు అడుగుకి రెండున్నర, మూడు అడుగులు ఉంటే భోజనానికి బాగుంటుంది. కాగితాలు సర్దుకోవడానికో, బియ్యంలో రాళ్లు ఏరుకోవడానికో ఇంకో అడుగు దించితే మేలు.

కొనేటప్పుడు చూడాల్సినవి రెండు మూడు ఉన్నాయి. ఎత్తు మార్చే ఏర్పాటు ఉన్న దీపమైతే అది మోయగల బరువు డబ్బా మీద రాసి ఉంటుంది. షేడు అంతకన్నా బరువైనా, మరీ తేలికైనా స్ప్రింగు ఆగదు. అలాంటి ఏర్పాటు లేని మామూలు దీపమైతే, సీలింగ్ రోజ్ మూత లోపల వైరు బరువంతా స్క్రూల మీద పడకుండా ముడి గానీ, పట్టు గానీ ఉందా అని మిస్త్రీని అడిగి చూడాలి. బరువైన గాజు షేడుకి వైరు ఒక్కటే చాలదు, పక్కనే ఉక్కు తీగ ఉండాలి. అన్నిటికన్నా ముందు, దీపంతో వచ్చిన పొడుగాటి వైరుని మిస్త్రీ కటింగ్ ప్లేయరుతో కోసేలోపే ఆపాలి. ఆ మిగులు వైరుని సీలింగు దగ్గర చుట్టగా చుట్టి ఉంచమంటే ఉంచుతాడు.