బిడారు కదిలేలోగా

కెనడాలోని మా బర్నబీ కొండ మీద, సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ మానూషియస్ అచ్చుకూటం నుంచి వచ్చిన పాత పుస్తకాలు ఉన్నాయి. వోస్క్-మెక్‌డొనాల్డ్ సేకరణ అంటారు దాన్ని. అందులో వోస్క్ అన్న పేరు రబ్బీ (యూదు మతగురువు), పండితుడు అయిన యోసెఫ్ వోస్క్‌ది. ఆల్డస్ అనగానే గుర్తొచ్చేది ఇటాలిక్ అక్షరం. 1501లో వర్జిల్ కావ్యాలను ఆయన మొత్తం ఆ వాలు అక్షరాలతోనే అచ్చు వేశాడు. ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన ఆ అక్షరాలకు మాతృక అప్పటి పండితులూ గుమాస్తాలూ గబగబా రాసుకునే చేతిరాత. యూదుల అచ్చులో ఇలాంటిదే అంతకుముందే జరిగింది. 1475లో ఇటలీలోని రెజ్జో కలబ్రియాలో, యూదు పండితుడు రాషి రాసిన బైబిలు వ్యాఖ్యానాన్ని స్పెయిన్ యూదుల వాడుక రాతను పోలిన అక్షరాలతో వేశారు. దానికి ‘రాషి లిపి’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఫ్రాన్సులో 1105లో చనిపోయిన రాషి మాత్రం ఆ లిపిలో ఒక్క అక్షరమూ రాసి ఉండడు. చేతిరాత తీరును అచ్చు పట్టుకోగలిగింది గానీ, అది ఎవరి చెయ్యి అన్న సంగతి దానికి అక్కర్లేకపోయింది.

పేరున్న రబ్బీ పండితుడి స్వహస్తపు ఉత్తరం దొరికిందంటే కొందరు కళ్లకద్దుకుంటారు. ఇంకొందరు, అందులో ఉన్నదేదో అచ్చులో చదువుకుంటే సరిపోదా అంటారు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. నకలులో నిలిచేది రాసినాయన చెప్పదలచుకున్న మాట. అసలు కాగితంలో దానితో పాటు ఆయన చెప్పాలనుకోని సంగతులు కూడా ఉంటాయి. చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్లకు చాలాసార్లు పనికొచ్చేది ఈ రెండోదే.

కైరో పక్కనున్న ఫుస్తాత్‌లో స్థిరపడి, 1204లో కన్నుమూసిన మోషే బెన్ మైమోన్‌నే చూడండి. లోకం మైమోనిడీస్ అంటుంది. ధర్మశాస్త్రవేత్త, తాత్వికుడు, పొట్టపోసుకునే వృత్తి వైద్యం. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఆయన చేతిరాత మనకు మిగలడానికి ఒక ఆచారం కారణం. దేవుడి పేరున్న కాగితాన్ని యూదులు చెత్తలో వెయ్యరు, ఒక గదిలో పడేసి ఉంచుతారు. దాన్ని గెనీజా అంటారు. ఫుస్తాత్‌లోని బెన్ ఎజ్రా ప్రార్థనాలయపు గెనీజా నుంచి 1896-97లో పండితుడు సాలమన్ షెక్టర్ సంపాదించి కేంబ్రిడ్జికి చేర్చిన తునకలు లక్షా తొంభై వేల పైమాటే. వాటిలో మైమోనిడీస్ జవాబులు కొన్ని ఉన్నాయి. ఎవరైనా ధర్మసందేహాన్ని కాగితం మీద రాసి పంపితే, ఆయన అదే కాగితం మీద మిగిలిన జాగాలో తీర్పు రాసి, సంతకం చేసి తిప్పి పంపేవారు. భాష అరబ్బీ, లిపి హీబ్రూ; మనం సంస్కృతాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకున్నట్టే. అచ్చు సంపుటాల్లో ఈ ప్రశ్నలూ జవాబులూ ఒకే సైజు అక్షరాలతో బుద్ధిగా వరుసలో కూర్చుంటాయి. అసలు కాగితంలో మాత్రం అడిగినవాడి సుదీర్ఘమైన ఆత్రం పైన, తీరిక లేని మనిషి ముక్తసరి జవాబు కింద. రోజంతా రోగులతోనే గడిచిపోతుందనీ, రాత్రయ్యేసరికి అలసటతో పడుకునే మందులు చెప్పాల్సి వస్తుందనీ అనువాదకుడు శామ్యూల్ ఇబ్న్ తిబ్బోన్‌కు 1199లో ఆయన రాశారు. ఆ ఉత్తరం మనదాకా వచ్చింది నకళ్ల ద్వారానే. అందులో మాటల్లో చదివిన అలసట ఈ ప్రశ్న కాగితాల మీద కంటికి కనిపిస్తుంది.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకొకటుంది. సంతకం ఉన్న మామూలు కాగితాలు గీటురాయి అయ్యాయి. చందాల కోసం రాసిన ఉత్తరమో, చిన్న తగాదా మీద ఇచ్చిన తీర్పో, అందులో విషయం ఏదైనా కానీ, ఇది ఆయన చెయ్యి అని ఒకసారి తేలితే చాలు. సంతకం లేని తునకలను పక్కన పెట్టి పోల్చవచ్చు. ‘మిష్నే తోరా’ అనే పద్నాలుగు భాగాల ధర్మశాస్త్రానికి ఆయన రాసుకున్న చిత్తుప్రతి కాగితాలు అలాగే బయటపడ్డాయి. కొట్టివేతలు, దిద్దుబాట్లు, వరుసల మధ్య ఇరికించిన మాటలు. తడుముకోకుండా శాసించినట్టు కనిపించే ఆ గ్రంథం వెనక ఎంత తడుములాట ఉందో అక్కడ తెలుస్తుంది. ‘ఆ ఉత్తరంలో విశేషమేముంది, పారేస్తే పోయేదేముంది’ అని ఆనాడు ఎవరైనా అని ఉంటే, ఆ గీటురాయితో పాటు ఈ చిత్తుప్రతి ఎవరిదన్న గుర్తింపు కూడా పోయేది.

మన సంగతి చూసుకుంటే ఈ లోటు ఎంతటిదో తెలుస్తుంది. పోతన భాగవతంలో కొన్ని స్కంధాలు గంగన, సింగన, నారయలవని గద్యల్లో పేర్లున్నాయి. మిగతావాటిలో ఎక్కడ ఎవరు పూరించారన్న వాదం శైలి మీద ఆధారపడి నడుస్తూనే ఉంది. ఇది పోతన చెయ్యి అని చూపించడానికి ఒక్క తాటాకు లేదు మరి. అయితే దీనికి మనవాళ్లను తప్పుపట్టడం అన్యాయం. మన తేమలో, మన పురుగుల మధ్య తాటాకు కలకాలం నిలవదు. తిరగరాయడమే గ్రంథాన్ని బతికించే దారి. కొత్త ప్రతి తయారయ్యాక పాతదాన్ని ఏటిలో కలపడం మనకు అగౌరవం కాదు, అంత్యక్రియ. యూదులు కూడా గెనీజా కాగితాలను ఎప్పుడో ఒకప్పుడు భూమిలో పాతిపెట్టాల్సినవాళ్లే. ఫుస్తాత్‌లో శతాబ్దాల తరబడి ఆ పని పూర్తిగా జరగలేదు, పైగా అక్కడి గాలి పొడి. మన పండితులకు దొరకని అదృష్టాన్ని వాళ్లకు వాతావరణమూ బద్ధకమూ కలిసి ఇచ్చాయి.

ఇదంతా వ్యక్తిపూజకు మరో పేరు కదా అనవచ్చు. వేలంపాటల్లో రబ్బీల సంతకాలకు పలికే ధర చూస్తే ఆ అనుమానం సహజమే. కానీ గెనీజా దాచింది గొప్పవాళ్ల కాగితాలని కాదు. అంగడి లెక్కలు, అప్పు పత్రాలు, పిల్లల అక్షరాభ్యాసపు కాగితాలు కూడా ఆ గుట్టలోనే ఉన్నాయి. వాటి మీదే చరిత్రకారుడు ఎస్.డి. గాయ్‌టైన్ మధ్యధరా సమాజపు చరిత్రను ఐదు సంపుటాలుగా నిర్మించాడు. స్కాన్ చేస్తే చాలదా అన్న ప్రశ్నకు నా జవాబు ఇంకా చిన్నది: చాలావరకు చాలు. ఖండాంతరాల్లో చెదిరిపోయిన ముక్కలు ఎన్నో మళ్లీ ఒకదాని పక్కకు ఒకటి చేరింది బొమ్మలు తీశాకే. అయినా స్కాన్ చేసినవాళ్లెవరూ అసలును పారెయ్యలేదు. బర్నబీలో ఆల్డస్ పుస్తకాలు కొన్ని తెర మీదకు ఎక్కాయి, కొండ మీది పుస్తకాలూ అక్కడే ఉన్నాయి.

నకలు వైపు నుంచి వచ్చే బలమైన వాదానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. మైమోనిడీస్‌కు డేవిడ్ అనే తమ్ముడుండేవాడు, రత్నాల వర్తకుడు. ఎర్రసముద్రపు రేవు ఐధాబ్ నుంచి అతను అన్నకు రాసిన ఉత్తరం కేంబ్రిడ్జిలో ఉంది. ఎడారి దాటి వచ్చాననీ, కొనడానికి నీలిమందు తప్ప మరేమీ దొరకలేదనీ, అందుకే ఇండియాకు ఓడెక్కుతున్నాననీ, బెంగపడవద్దనీ. అతను హిందూ మహాసముద్రంలో మునిగి చనిపోయాడు. ఏళ్లు గడిచాక అన్న ఏకర్‌లోని ఒక మిత్రుడికి రాస్తూ, వార్త తెలిసి ఏడాది పాటు మంచం పట్టాననీ, తమ్ముడి చేతిరాత కంటబడితే ఇప్పటికీ గుండె కలచివేస్తుందనీ చెప్పుకున్నారు. చేతిరాత మహిమ గురించి ఇంతకన్నా గట్టి మాట నేనెక్కడా చూడలేదు, మరి ఈ ఉత్తరమూ ఆయన స్వహస్తంతో మిగల్లేదు. ఎవరో తిరగరాస్తేనే మనదాకా వచ్చింది. నకలే లేకపోతే ఆ దుఃఖం లేదు. ఒప్పుకుంటాను.

ఇంకో చిక్కు యూదు సంప్రదాయం లోపలి నుంచే వస్తుంది. ఇతరుల ఉత్తరం అనుమతి లేకుండా విప్పి చదవకూడదని ఒక నిషేధం ఉంది. వెయ్యేళ్ల కిందట మైంజ్‌లో ఉన్న రబ్బీ గెర్షోమ్ విధించారని చెబుతారు. దాన్ని గుర్తుచేసే పొడి అక్షరాలను ఉత్తరం పైన వేసే అలవాటు కూడా ఉండేది. డేవిడ్ కాగితం చివర, బిడారు బయల్దేరబోతోంది కాబట్టి తొందరలో రాస్తున్నానన్న అర్థంలో ఒక మాట ఉంటుంది. అది ఒక్క అన్న కోసం రాసింది, ఇప్పుడు మనమూ చదువుతున్నాం. ఆ ఉత్తరంలోనే ఇంట్లో ఉన్న ఆడవాళ్లను ఓదార్చమని అన్నను అడిగాడు.