చెవులపిల్లి ముఖం చదివే విద్య

మేకకు కడుపునొప్పి వస్తే వీధంతా వినిపించేలా అరుస్తుంది. కుందేలు అరవదు. మూలకు చేరి ముడుచుకు కూర్చుంటుంది, అంతే. నరసరావుపేటలో పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న తెల్ల కుందేలు అలా కూర్చుంటే మనం నిద్రపోతోందిలే అనుకుంటాం. నక్కకూ గద్దకూ ఆహారమయ్యే ప్రాణి తన బలహీనతను బయటపెట్టుకోదు మరి. అలాంటిదాని నొప్పిని కొలవడానికి మనుషులు ఒక పనిముట్టు చేశారు. అందులో తీగ లేదు, బ్యాటరీ లేదు. ఉన్నదల్లా కొన్ని ఫోటోలు, కొన్ని అంకెలు.

2012లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో కీటింగ్, థామస్, ఫ్లెక్నెల్, లీచ్ అనే పరిశోధకులు దీన్ని రూపొందించారు. కుందేలు చెవిమీద గుర్తుకోసం పచ్చబొట్టు పొడిచేముందు తిమ్మిరెక్కించే లేపనం రాస్తే నొప్పి తగ్గుతుందా అన్నది వాళ్ళ ప్రశ్న. వీడియోల్లోంచి ముఖాలను ఏరి, ఐదుచోట్ల మార్పు పట్టుకున్నారు. కళ్ళు ముడుచుకుంటాయి. బుగ్గల ఉబ్బు పోయి మూతి కోసుకుపోయినట్టుంటుంది. మీసాలు వంపు పోయి బిరుసెక్కుతాయి. చెవులు గొట్టాల్లా చుట్టుకుని వెనక్కి తిరుగుతాయి. నాకు అన్నిటికంటే ముచ్చటేసింది ముక్కు సంగతి: మామూలప్పుడు ఇంగ్లీషు 'యు' అక్షరంలా ఉండే ముక్కుపుటాలు నొప్పిలో 'వి' అక్షరమవుతాయట. ఎంతసేపు చూస్తే కనిపించి ఉంటుంది అది! ఒక్కో మార్పుకు 0, 1, 2 మార్కులు. మొత్తం 10.

లోపం లేదని కాదు. మత్తు వదలని కుందేలు కళ్ళు ఎలాగూ సగం మూసే ఉంటాయి. వేలాడే చెవుల జాతికి చెవి మార్కు వెయ్యడమూ కష్టమే. 2022లో వచ్చిన బ్రిస్టల్ కొలమానం అందుకే ముఖంతో ఆగలేదు. నడక, కూర్చునే తీరు, ఒళ్ళు నాక్కోవడం, హుషారు కూడా చూసింది. ఆరు అంశాలు, 18 మార్కులు. అయినా అందులోంచి కళ్ళూ చెవులూ పోలేదు. కుందేలుకు చెవులపిల్లి అని పేరుపెట్టిన మన పెద్దలకు ఎక్కడ చూడాలో తెలిసినట్టే ఉంది.

ఇక ఆపరేషన్ బల్ల దగ్గరి పనితనం. కుక్కనైతే ఆపరేషన్‌కు ముందు పస్తుంచుతారు. కుందేలుకు వాంతి రాదు, కాబట్టి దాన్ని పస్తుంచరు. పస్తుంటే పేగు కదలిక మందగిస్తుంది. నొప్పి ఉన్నా అంతే: మేత మానేస్తుంది, పేగు ఆగుతుంది, గ్యాస్ పట్టి నొప్పి ఇంకా పెరుగుతుంది. కుట్లు చక్కగా మానుతుండగానే ప్రాణం పోవచ్చు. అందుకే చెయ్యి తిరిగిన డాక్టరు నొప్పి మొదలయ్యేదాకా ఆగడు. కోతకు ముందే బ్యూప్రనార్ఫిన్ లాంటిది ఇస్తాడు, కోతపెట్టే గీతవెంట తిమ్మిరిమందు ఎక్కిస్తాడు, తర్వాత రోజులకు మెలాక్సికామ్ రాస్తాడు. కుందేలు ఒంట్లోంచి ఈ మెలాక్సికామ్ తొందరగా పోతుంది గనుక, కిలో బరువుకు కుక్కకన్నా ఎక్కువే కావాలి. కుక్క లెక్కన ఇస్తే మందిచ్చామన్న తృప్తి మనకు మిగులుతుంది, నొప్పి దానికి మిగులుతుంది.

మత్తులో కుందేలు ఒళ్ళు చల్లబడిపోతుంది. మే నెల ఎండకు మండే రెంటచింతలలోనైనా సరే, బల్లమీద దానికి వెచ్చదనం కావాలి. లేచి ఇంటికొచ్చాక అదే ఎండ దానికి శత్రువు. చెమట పట్టని ప్రాణి, ఎక్కువగా చెవులతోనే వేడి వదులుకుంటుంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు "మాది బాగానే ఉంది" అని మొండికెయ్యకండి. ఆపరేషన్‌కు ముందే దాని మామూలు ముఖాన్ని ఫోనులో వీడియో తీసిపెట్టుకోండి. మనిషి ఎదురుగా ఉంటే బిగుసుకుంటుంది కాబట్టి, తర్వాత దూరంనుంచి ఇంకొకటి తీసి పోల్చండి. నొప్పి కనిపించినా మనం వేసుకునే మాత్రలు మాత్రం దానికి వెయ్యకండి. ఇంటికొచ్చిన రాత్రి గడ్డి ముట్టకపోయినా, పెంటికలు పడకపోయినా, పొద్దున్నే డాక్టరుకు ఫోను చెయ్యండి.