దస్తీ మోటు, రుమాలు నాజూకూనా?

"మేడ్చల్ వచ్చాక మా పిల్లల భాష పాడైపోయిందండీ!"

ఈ చుట్టుపక్కల కొత్తగా వెలిసిన కాలనీల్లో ఈ మాట తరచు వినబడుతూ వుంటుంది. ఏం పాడైందమ్మా అంటే, పిల్ల బడినించి వచ్చి "దస్తీ ఏడ వెట్టినవ్?" అంటుందిట. "మస్తు ఆకలైతంది" అంటుందిట. స్నేహితురాలిని "నా సోపతి" అంటుందిట. ఏ గుంటూరు నించో, ఏలూరు నించో వచ్చిన తల్లికి ప్రాణం చివుక్కుమంటుంది. "రుమాలు అనవే, చక్కగా తెలుగులో!" అని దిద్దుతుంది.

చూశారా తమాషా! ఆ రుమాలు మాత్రం ఎవరింటి పిల్ల? ఫార్సీలో 'రూ' అంటే ముఖం, 'మాల్' అంటే తుడిచేది. 'దస్త్' అంటే చెయ్యి. చేతిలో వుండేది దస్తీ. ఇద్దరూ ఒకే పుట్టింటి ఆడపడుచులు. ఒకామె కోస్తాలో కాపురం పెట్టింది, రెండో ఆమె తెలంగాణలో. ఇప్పుడు ఒకామెను చూసి రెండో ఆమెను మోటుదనడం ఎక్కడి న్యాయం? అంతెందుకు, శామీర్‌పేటలో ప్లాటు కొని ఆ తల్లి బీరువాలో భద్రంగా దాచుకున్న దస్తావేజులో కూడా ఆ 'దస్తే' వుంది. దాన్ని మాత్రం ఎవరూ యాస అనరు. డబ్బుతో పని గదా!

ఒకరింట్లో టీ ఇస్తారు, పక్కింట్లో చాయ్ పోస్తారు. రెండూ చైనావాళ్ల మాటలే. ఒకటి నేలదారిని ఫార్సీ దేశం మీదుగా నడిచి వచ్చింది, రెండోది సముద్రపు రేవుల్లో డచ్చివాళ్ల ఓడలెక్కి ఇంగ్లీషువాళ్ల ద్వారా వచ్చింది. దవాఖాన అంటే చదువులేని మాటట, ఆసుపత్రి అంటే సంస్కారమట. ఆసుపత్రి ఇంగ్లీషు 'హాస్పిటల్' నోరు తిరక్క అయిన మాట కాదూ! ఇక మనం అచ్చ తెలుగనుకుని చెంపలేసుకునేంత గౌరవంగా పలికే 'రైతు' వుందే, అది అరబ్బీ 'రయ్యత్'.

ఇంతకీ ఈ ఎక్కువ తక్కువలు ఎవరు పెట్టారు? నిఘంటువులు కొంత పెట్టాయంటాను. బ్రౌను దొర 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వేశాడు. 1854లో, తెలుగులో వాడే అన్యదేశ్యాలకూ మిశ్రభాషకూ విడిగా మరొకటి వేశాడు. జనం నోట విన్నదాన్ని తీసిపారేయకుండా రాసిపెట్టినందుకు ఆయనకు దండం పెట్టవలసిందే. కాని వేరుకుంపటి పెట్టించాక, ఆ కుంపటి మీది వంటను పండితులు రుచి చూడ్డమే మానేశారు. ఆ లోటు కొంత పూడ్చింది 1962లో సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మొదటి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించారు. మాటల కోసం గ్రంథాల దగ్గరికి కాక, దున్నేవాళ్ల దగ్గరికి వెళ్లారు. తర్వాత నలిమెల భాస్కర్ గారి 'తెలంగాణ పదకోశం' వచ్చింది. మేలే. అయినా ఒక చిక్కు మిగిలే వుంది. నిఘంటువు మాటకు అర్థం చెబుతుంది గాని, ఆ మాట ఎవరు ఎవరితో అనవచ్చునో చెప్పదు.

'బిడ్డ' అనే మాట చూడండి. ఇక్కడ బిడ్డ అంటే కూతురు. "నాకిద్దరు బిడ్డలు, ఒక కొడుకు" అని పొరుగావిడ చెబితే, కోస్తావారు బిడ్డలంటే పిల్లలనుకుని, ఆ ఇద్దరిలో ఒకడు కొడుకేమోనని లెక్క తప్పుతారు. సరే, అర్థం తెలిసింది. "ఏంది బిడ్డా, ఇంత పొద్దువోయి వస్తున్నవ్?" అని అవ్వ అంటే కడుపు నిండినట్టుంటుంది. అదే "బిడ్డా! నీ సంగతి చూస్తా" అని బస్సులో ఒకడు ఇంకొకడితో అంటే, మనం నాలుగడుగులు వెనక్కి జరగాలి. ఈ తేడా ఏ పదకోశంలో దొరుకుతుంది?

అలాగే 'అండి'. కృష్ణా, గోదావరి తీరాల్లో 'అండి' లేకపోతే మాట గుమ్మం దాటదు. ఇక్కడ పొరుగావిడ "ఏం కూరొండినవక్కా?" అని నిండుగా నవ్వుతూ పలకరిస్తే, "నన్ను నువ్వంటుందేమిటి?" అని మొహం ముడుచుకునేవారున్నారు. ఆ మాటలో మర్యాద 'అక్కా' అన్న పిలుపులో వుంది. మనం దాన్ని క్రియ చివర వెతుక్కుంటున్నాం! నెల రోజుల్లో తెలుగు నేర్పుతామనే పుస్తకాలు దీని జోలికే పోవు. "మీరు ఎచ్చటికి వెళ్లుచున్నారు?" అని శామీర్‌పేట బస్టాపులో అడిగి చూడండి, అడిగినవాళ్లని ఎగాదిగా చూస్తారు.

మరి నేర్చుకునేవాళ్లు ఎలా నేర్చుకుంటున్నారంటే, సోపతి వల్లనే. అరబ్బీ 'సొహ్బత్' ఉర్దూ నోటబడి, తెలుగింటికి వచ్చి సోపతి అయింది. సాహచర్యం అని దాని అర్థం. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వుంది, 2008 నించి బిట్స్ పిలానీ వారి కాలేజీ వుంది, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ వుంది. దేశం నలుమూలల పిల్లలూ వచ్చి చేరారు. వాళ్లకు తెలుగు నేర్పేది హాస్టలు స్నేహితులు, చాయ్ బండి అన్న. హైదరాబాదు సొత్తని వాళ్లు మురుసుకుంటూ నేర్చుకునే 'నక్కో' మరాఠీ 'నకో' అని వాళ్లకు తెలియదు. తెలియకపోయినా పని ఆగదు. ఆగేది ఇంకోచోట. 'లైట్ తీస్కో' అని స్నేహితుడు నేర్పాడు. మాట ఇంగ్లీషు, పోకడ హిందీ, క్రియ తెలుగు. ఇద్దరు కుర్రాళ్ల మధ్య అది ఓదార్పు. ఇంటి అద్దె రాలేదని బెంగపడుతున్న పెద్దావిడతో "లైట్ తీస్కోండి ఆంటీ" అంటే? వెనక్కి 'అండి' తగిలించినంత మాత్రాన ఆ మాట పెద్దరికం తెచ్చుకోదు. పక్కనున్న స్నేహితుడు చెయ్యి గిల్లి, "అమ్మతోటి అట్ల అనొద్దురా" అంటాడే, అదీ పాఠం.

ఈ గిల్లేవాళ్లు లేకపోవడమే మన కథలకూ సినిమాలకూ పట్టిన జబ్బు. చాలాకాలం ఈ ప్రాంతపు మాట దుష్టపాత్రకీ హాస్యగాడికీ మాత్రమే ఇచ్చారు. 2017లో శేఖర్ కమ్ముల తీసిన 'ఫిదా'లో అది కథానాయిక నోటికి వచ్చింది. తెలుగు పుట్టుభాష కాని సాయిపల్లవి నేర్చుకుని తన గొంతుతోనే చెప్పుకుంది. అక్కడక్కడ పలుకు తడబడినా, ఎవరితో ఏ తీరున మాట్లాడాలో ఆ పిల్లకు తెలిసింది. తండ్రితో ఒక రకం, అక్కతో మరో రకం. అందుకే నమ్మాం. తర్వాత వచ్చిన సీరియళ్లలో 'గట్ల', 'గిట్ల' అని వాక్యానికి రెండు చల్లి, "నేను వెళ్తున్నాను గట్ల" అనిపిస్తున్నారు. ఇక్కడి మనిషి "నేను పోతున్న" అంటుంది. గట్ల అవసరమే లేదు.

పాలమూరు ఆడపడుచు, ఉస్మానియాలో తెలుగు ఆచార్యులైన పాకాల యశోదారెడ్డి గారు 1973లోనే 'మా వూరి ముచ్చట్లు' వేశారు. కావ్యాలు పాఠం చెప్పిన మనిషే, వూరి మాటను ఏ క్షమాపణా చెప్పుకోకుండా రాశారు. ఆమెకు యాస పైన చల్లేది కాదు, ఆలోచనే ఆ మాటల్లో నడుస్తుంది. లైబ్రరీలో కనబడితే తెచ్చుకోండి. కళ్లతో చదివితే కొత్తవాళ్లకు మొదటి రెండు పేజీలు కష్టమనిపిస్తాయి. పైకి చదవండి, పక్కన ఇక్కడి ఆవిడ ఎవరైనా వుంటే మరీ మంచిది. ఎక్కడ నవ్వాలో ఆమే చెబుతుంది.