డిస్కులోని అదనపు జేబులు

ఒక యంత్రంలో రాసిన డిస్కు మరే యంత్రంలోనైనా తెరుచుకోవాలన్న ఉద్దేశంతో ఆప్టికల్ స్టోరేజి టెక్నాలజీ అసోసియేషన్ యు.డి.ఎఫ్. అనే ఫైలు వ్యవస్థను రూపొందించింది. 1996 నాటి దాని 1.02 వెర్షనే డి.వి.డి. వీడియోకు ఆధారం. ఆశయం మంచిదే. కాని ఫైలుకు తగిలించే 'అదనపు లక్షణాల' దగ్గర అది తడబడిందని నా అభిప్రాయం.

ఫైలు పుట్టిన తేదీనే తీసుకోండి. ఎప్పుడు చదివారో, ఎప్పుడు మార్చారో రాయడానికి ప్రధాన నమోదులోనే చోటుంది. ఎప్పుడు పుట్టిందో రాయడానికి మాత్రం లేదు! అందుకోసం 'ఫైలు కాలాలు' అనే అదనపు లక్షణాన్ని ఆశ్రయించాలి. రాసే సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేసినా, చదివేది పట్టించుకోకపోయినా మీ పాత ఫైలు పుట్టిన తేదీ మీకు కనిపించదు. 1998లో వచ్చిన 2.00 వెర్షన్ విస్తృత నమోదును తెచ్చి ఈ తేదీకి అందులో చోటిచ్చింది. అప్పటికే రాసేసిన డిస్కుల మాటేమిటి?

ఇక జేబుల సంగతి. మెకింటాష్‌కు ఒకటి, ఓ.ఎస్./2కు మరొకటి, డి.వి.డి. కాపీ హక్కుల సమాచారానికి ఇంకొకటి. ప్రతి జేబుకూ పేరుంది, పొడవు రాసి ఉంటుంది. తెలియని దాన్ని దాటి ముందుకు పోవచ్చు. ఇది నిజంగా మెచ్చుకోదగ్గ ఏర్పాటు. అయితే దాటిపోవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. మెకింటాష్ తన ఫైలు గురించి రాసుకున్న వివరాలు, వాటిని ఎరగని యంత్రానికి విప్పని మూటే.

కాబట్టి పాత డిస్కును భద్రపరచదలిస్తే ఫైళ్లను ఒక్కొక్కటిగా కాపీ చేయకండి. డిస్కు మొత్తానికి నకలు తీసుకోండి. జేబుల్లో ఉన్నదీ మీతో వస్తుంది.