బిలమున బడిన వార్త

క్రిస్టఫర్ నోలన్ దర్శకత్వమున 2014లో వెలువడిన ‘ఇంటర్‌స్టెల్లార్’ చలనచిత్రమును చదువుకొన్న మన యిండ్లలో పెద్దలును పిల్లలును కలిసి చూచినవారు పెక్కండ్రు. కృష్ణబిలమన నెట్లుండునో వారిలో పలువురకు దానివలననే తెలిసినది. అట్లు తెలిసినదానిలో శాస్త్రమెంతయో కోరిక యెంతయో విచారింపవలసియున్నది.

ముందు మెచ్చదగినదానిని చెప్పెదను. ‘బిలము’ అను మన మాటయే కొంత మోసము చేయును. వినినంతనే, దరికి వచ్చిన సమస్తమును మ్రింగు రాక్షసి నోరు మనస్సునకు దోచును. నిజమట్టిది కాదు. సూర్యుని స్థానమున నంతే ద్రవ్యరాశి గల కృష్ణబిలము నుంచినను భూమి తన దారిని తాను తిరుగుచునే యుండును. (చలికి మనము చచ్చుట వేరు మాట.) ఈ చిత్రము రాక్షసి నోటిని జూపలేదు. ఇందలి ‘గార్గాంటువా’ 10 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి గలది. అయినను దానిచుట్టు గ్రహములు తిరుగుచున్నవి, పదార్థము తిన్నగా లోన బడక చక్రమువలె సుడి తిరుగుచు వెలుగుచున్నది. ఈ చక్రము కవికల్పన కాదు. సుడి తిరుగు పదార్థము రాపిడిచే కాగి, లోనికి జారకముందే తన ద్రవ్యరాశిలో కొంత భాగమును వెలుగుగా వెదజల్లును. సూర్యగర్భమున హైడ్రోజను హీలియముగా మారునపుడు శక్తియై పోవునది నూటికి ఒక పాలైనను లేదు. మిక్కిలి వేగముగా తిరుగు బిలముచెంత నది నూటికి 40 పాళ్ల వరకు పోగలదు. అంత చీకటి ప్రక్కన నంత వెలుగు! 2019లో ఎమ్87 అను గెలాక్సీ నడుమనున్న బిలపు ఛాయాచిత్రము వెలువడినపుడు లోకమునకు గనబడినది వెలుగు వలయమే.

కాలమును గూర్చిన ఘట్టము మరింత గొప్పది. బిలమునకు దాపుననున్న గ్రహముమీద నొక గంట గడచిన భూమిమీద 7 ఏండ్లు గడచును. తిరిగి వచ్చిన తండ్రి 23 ఏండ్లుగా చేరియున్న బిడ్డల సందేశములను ఒక్కమారుగా చూచి యేడ్చును. అచట శాస్త్రమే కరుణరసమును బుట్టించినది.

పిమ్మట నాయకుడు బిలమున బడును. చిన్న బిలమైనచో సరిహద్దును చేరకముందే దేహము దారములుగా సాగి తెగును. ఇంత పెద్దదానిలో నా సరిహద్దును దాటినట్లే తోచదని చెప్పుట సరియైనదే. వెలుపలనుండి చూచువారికి మాత్రము పడినవాడు నెమ్మదించి, ఎర్రబారి, మసకబారి మాయమగును. దాటుట యెన్నటికిని గనబడదు. లోన బడినది బంగారమైనను ఊకయైనను, ఐన్‌స్టైను సిద్ధాంతము ననుసరించి వెలుపలివారికి మిగులునవి ద్రవ్యరాశి, భ్రమణము, విద్యుదావేశము మాత్రమే.

మరి తక్కిన వార్త యేమైనది? కృష్ణబిలములు సన్నని వేడిమిని వెలువరించుచు క్రమముగా ఆవిరియగునని స్టీఫెన్ హాకింగ్ 1974లో చూపెను. వానిలో బడిన సమాచారము శాశ్వతముగా నశించునని 1976లో వాదించెను. క్వాంటము శాస్త్రము అట్టి నాశము నొప్పుకొనదు. 1997లో హాకింగును కిప్ థోర్నును నాశపక్షమున నిలిచి జాన్ ప్రెస్కిల్‌తో పందెము వేసిరి. పందెపు సొమ్ము ఒక విజ్ఞానసర్వస్వము. 2004లో డబ్లిన్ నగరమున హాకింగు ఓటమి నంగీకరించి బేస్‌బాల్ ఆటను గూర్చిన సర్వస్వము నిచ్చెను. థోర్ను అప్పటికి ఒప్పుకొనలేదు. 2019 నుండి వెలువడిన గణితము సమాచారము నశింపదను పక్షమునకే బలము చేకూర్చినది; అది యెట్లు వెలువడునో మాత్రము తేలలేదు.

ఆ థోర్నే యీ చిత్రమునకు శాస్త్రవిషయమున సలహాదారు. సమాచారము పోవునని పందెము కాచిన వాని నీడన తీసిన కథలో, పడిన వార్తయే కాదు, పడిన మనుష్యుడే సజీవుడై శనిగ్రహము చెంతకు తిరిగి వచ్చును! బిలము లోపల కుమార్తె గదిలోని పుస్తకముల బీరువా కనబడును. గడియారపు ముల్లుతో నతడు వార్త పంపును. దీనికంతకు భావికాలపు మానవుల మహిమ కారణమట. కల్పనను నేను తప్పుపట్టను. శాస్త్రముతో సంపాదించిన ప్రశ్నను, దాని కష్టమును చూపకయే, వరప్రసాదముతో తీర్చుట నాకు నచ్చలేదు. వార్త తిరిగి వచ్చునేని అది కాలి చెదరిన అక్షరములుగా, వేడిమి కణములలో కలిసి రావలెను. సూర్యునంతటి బిలమే ఆవిరియగుటకు ఒకటి ప్రక్కన 67 సున్నల నుంచినన్ని యేండ్లకు పైగా పట్టును. గార్గాంటువాకు ఇంకను నెక్కువ. తండ్రి వార్త నశింపలేదు, కాని కుమార్తె యంతవరకు వేచియుండజాలదు. 23 ఏండ్ల సందేశములతో మనల నేడ్పించిన దర్శకునికి ఈ దుఃఖము చేతికందునంత దూరముననే యుండెను.