నెత్తిమీది అంకెకు దింపు

వాడపల్లి వెంకన్నకు మొక్కుకున్నవాళ్ళు ఏడు శనివారాలు వస్తారు. వచ్చినప్పుడల్లా గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు. మొత్తం నలభై తొమ్మిది. వారానికి ఏడేసి కలుస్తూ పోయే ఈ లెక్కను కాళ్ళు ఓర్చుకుంటాయి. అదే మొదటివారం ఏడు, ఆపైన ప్రతివారం ముందువారానికి ఏడింతలు అని మొక్కుకుంటే? ఏ శనివారానికి లక్ష దాటుతుంది?

ఏడును ఎన్నిసార్లు వేసి గుణిస్తే లక్ష అన్నదే ప్రశ్న. తెలియాల్సిన అంకె ఏడు నెత్తిన ఘాతాంకమై కూర్చుంది. కూడికలూ తీసివేతలూ దాన్ని అందుకోలేవు. చెట్టు మీది కాయకు కోనసీమలో దింపు మనుషులున్నారు. గణితంలో ఆ పని సంవర్గమానానిది, కాలేజీ పిల్లల మాటలో లాగ్‌ది. పదిని ఎన్నిసార్లు వేసి గుణిస్తే ఒక సంఖ్య వస్తుందో చెప్పేదే ఆ సంఖ్యకు లాగ్. లక్షకు 5. ఏడుకు, క్లార్క్స్ టేబుల్స్ అనే లాగ్ పట్టికల పుస్తకం చూస్తే, 0.8451. లాగుల లోకంలో గుణకారం కూడికైపోతుంది కనుక, నెత్తిమీది అంకె కిందికి దిగి 0.8451 పక్కన మామూలు గుణకంగా నిలబడుతుంది. ఇక భాగహారమే: 5.92. అంటే ఆరో శనివారానికే లక్ష దాటిపోతుంది. ఆ ఒక్క రోజుకే 1,17,649 ప్రదక్షిణలు!

లాగ్ పట్టికలను 1614లో లోకానికిచ్చినవాడు స్కాట్లండ్ వాసి జాన్ నేపియర్. పది ఆధారంగా వాటిని సులువు చేసినవాడు హెన్రీ బ్రిగ్స్. అంతకు ఎనిమిది వందల ఏళ్ళ ముందే, ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేయొచ్చో జైన పండితుడు వీరసేనుడు అర్ధచ్ఛేదం పేరుతో లెక్కపెట్టాడు. చదరంగం గళ్ళలో గింజలను రెట్టిస్తూ పోతే మొత్తమెంతో చెప్పే చాటుపద్యం మనకూ ఉంది. శశి అంటే ఒకటి, వేదం అంటే నాలుగు, గిరి అంటే ఏడు అనుకుంటూ వెనకనుంచి చదివితే ఇరవై అంకెల సంఖ్య వస్తుంది. లాగ్‌తో సరిచూడండి: గళ్ళు 64, రెండుకు లాగ్ 0.3010, గుణిస్తే 19.26. ఇరవై అంకెలే.

అయినా మన చదువుల్లో లాగ్‌కు ల్యాబ్‌లోనే పని పెట్టాం, అప్పులు మాట్లాడుకునే అరుగు మీదికి రానివ్వలేదు. నూటికి రెండు రూపాయలంటే నెలకు. బారువడ్డీయే కదా అని తీసుకున్నవాడి ధీమా. నిజమే, బారువడ్డీతో అప్పు పదింతలు కావాలంటే ముప్పై ఏడున్నరేళ్ళు. కానీ ప్రామిసరీ నోటుకు మూడేళ్ళకు కాలదోషం పడుతుంది. ఆలోగా ఎంతో కొంత కట్టి చెల్లు వేయించాలి, లేదా నోటు తిరగరాయాలి. తిరగరాసేటప్పుడు 36 నెలల వడ్డీ 72 రూపాయలూ అసల్లో కలిసి, వంద కాస్తా నూట డెబ్బై రెండవుతుంది. చక్రవడ్డీ అన్న మాట ఎవరి నోటా రాదు. చక్రం మాత్రం మూడేళ్ళకోసారి తిరుగుతుంది.

పైసా కట్టకుండా తిరగరాస్తూ పోతే పదింతలెప్పుడు? 1.72కు లాగ్ 0.2355, పదికి 1. భాగిస్తే 4.25. నాలుగు నోట్లు నిండి, ఐదోది నడుస్తుండగా. ఆ పావును మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకూడదు, నోటు లోపల నడిచేది బారువడ్డీ కనుక. ఐదో నోటు రాసేనాటికి వంద 875 అయివుంటుంది. నెలకు పదిహేడున్నర చొప్పున ఎనిమిదో నెలలో వెయ్యి దాటుతుంది. అంటే పన్నెండేళ్ళ ఎనిమిది నెలలు.